వెదురు ఎవరి పేరున ఉంది?

ఈ ఏడాది నివేదికలో పొదుపులు, అప్పులు, వసూళ్ళ లెక్కల పక్కన వెదురు గురించి కూడా నాలుగు పేజీలు ఉండాలని అనుకున్నాం. గ్రామ సంఘాల సమావేశాల్లో ఈ మధ్య ఒక ప్రశ్న మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది. "గట్ల మీద, వాగు ఒడ్డున వెదురు పెట్టమంటున్నారు. ఎండకీ వానకీ తట్టుకుంటుందంటున్నారు. పెట్టొచ్చా? పెట్టాక మమ్మల్ని కొట్టుకోనిస్తారా?" అని. మొదటి ప్రశ్నకి జవాబు వ్యవసాయం తెలిసినవాళ్ళు చెప్తారు. రెండో ప్రశ్నకి జవాబు మాత్రం నూరేళ్ళ వెనక్కి వెళ్తేగానీ దొరకదు. వెదురు మన చేతుల్లోంచి ఎలా పోయింది, కొన్నిచోట్ల ఎలా తిరిగొచ్చింది అన్నది తెలిస్తే, ఇప్పుడు తీర్మానం రాసుకోబోయే సంఘాలకి పనికొస్తుంది.

మన ఇళ్ళల్లో వెదురు లేని ఘట్టం ఏముందో చెప్పండి. పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెట్టాం. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తెచ్చాం. వడ్లు దాచిన గాదె, కోళ్ళని మూసిన గంప, గుడిసెకి తడిక, అటక ఎక్కే నిచ్చెన, అరటి గెల ఒరగకుండా పెట్టే పోటు, చివరికి పాడె. ఏజెన్సీ ఊళ్ళల్లో వానాకాలం వెదురు కొమ్ములు కూర వండుతారు, బొంగులో మాంసం కాలుస్తారు. దాన్నే ఇప్పుడు మారేడుమిల్లి, అరకు దారుల్లో బోర్డు పెట్టి బొంగు చికెన్ అని అమ్ముతున్నారు. వీటిలో బుట్టా చేటా అల్లే పని తరతరాలుగా మేదరివారిది. గడ కొట్టి తేవడం మగవాళ్ళు చేసినా, బద్దలు చీల్చి అల్లడంలోనూ, తల మీద పెట్టుకుని ఊరూరా తిరిగి గింజలకో డబ్బుకో ఇచ్చి రావడంలోనూ ఆడవాళ్ళ చెయ్యే ఎక్కువ. బసవేశ్వరుని కాలంలో మేదర కేతయ్య అనే శరణుడు బుట్టలల్లి బతికాడని కన్నడ, తెలుగు శైవులు చెప్పుకుంటారు. అంటే ఈ పనికి కనీసం 800 ఏళ్ళ గుర్తింపు ఉంది.

దుబ్బు సంగతి

చరిత్రలోకి వెళ్ళేముందు దుబ్బు ఎలా పెరుగుతుందో ఒకసారి చూడాలి. మిగతా కథంతా దాని మీదే ఆధారపడి ఉంది.

వెదురు గడ్డి జాతి. వరి, చెరకు, జొన్న దాని చుట్టాలు. చెట్టులాగా ఏటేటా లావెక్కదు. వానలు పడగానే నేలలోంచి పిలక వస్తుంది. ఎంత లావున వచ్చిందో జీవితాంతం అంతే లావు. రెండు మూడు నెలల్లో పూర్తి ఎత్తు లేస్తుంది. ఆ తర్వాత మూడు నాలుగేళ్ళు లోపల గట్టిపడుతుంది. ఏడాది గడ పచ్చగా నిటారుగా ఉన్నా అందులో బలం లేదు. కోసి బుట్ట అల్లితే ముడుచుకుపోతుంది, ఇంటికి వాడితే పుచ్చుతుంది. నాలుగేళ్ళు దాటాక కొట్టకుండా వదిలేస్తే కొంత కాలానికి దుబ్బులోనే ఎండి పడిపోతుంది.

ఇంకో సంగతి. కొత్త పిలకలు పాత గడల నుంచి రావు. ఒకటి రెండేళ్ళ వయసున్న లేత గడల మొదట్లోని దుంప నుంచి వస్తాయి. అందువల్ల దుబ్బు చుట్టూ బయటివైపుకి పాకుతూ పెరుగుతుంది. లేతవి బయట, ముదురువి లోపల. కోసేవాడికి చేతికందేది బయటి లేత గడే. తొందరలో ఉన్నవాడు, కూలి టన్ను లెక్కన తీసుకునేవాడు అదే కొడతాడు. లోపలి ముదురు గడలు అలాగే ఉండిపోయి, ఒకదానికొకటి పెనవేసుకుని, దుబ్బు ఊపిరాడక చస్తుంది. తెలిసినవాళ్ళు ఒక పక్క దారి తీసి లోపలికి వెళ్ళి ముదురువి కొడతారు. పైనుంచి చూస్తే అది గుర్రపు నాడాలా కనిపిస్తుంది.

అటవీ శాఖ కోత నియమాలు, మన పెద్దల మాటలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా పెద్దగా లేదు. ఏడాది లోపు గడ ముట్టుకోకూడదు. వానల్లో పిలక లేచే కాలంలో దుబ్బు జోలికి పోకూడదు. నేలకి మరీ పైన కొట్టకూడదు, దుంప తవ్వకూడదు. మొదటి రెండో కణుపు పైన, నీళ్ళు నిలవకుండా కొట్టాలి. కొన్ని ముదురు గడలు ఆసరాకి వదలాలి. ఒక్క దుబ్బుకి మళ్ళీ మూడు నాలుగేళ్ళకి గానీ రాకూడదు. చీకటి పక్షంలో కొడితే పుచ్చదని చాలాచోట్ల నమ్మకం. పక్షం మాట ఎలా ఉన్నా, వానలు వెళ్ళాక చలికాలంలో కొడితే గడలో పిండి పదార్థం తక్కువగా ఉండి పుచ్చు పురుగు తక్కువ పడుతుందన్నది పరీక్షల్లోనూ తేలిన సంగతే.

ఇన్ని తెలిసిన దేశంలో దుబ్బులు ఎందుకు నాశనమయ్యాయి?

కలుపు, చెట్టు, కాగితం

ఇంగ్లీషువాళ్ళు అడవులని సర్కారు పరం చేసుకున్న తొలి రోజుల్లో వాళ్ళకి కావలసింది టేకు, సాల. రైల్వే స్లీపర్లకి, ఓడలకి, కట్టడాలకి కలప కావాలి. టేకు మొక్కల మధ్య వెదురు వాళ్ళకి కలుపులా కనిపించింది. దాన్ని నరికి తొలగించాలని అడవుల ప్రణాళికల్లో రాసుకున్న కాలం ఉంది. మేదరి చేతికి అన్నం పెట్టే గడ, కలప అధికారి కంటికి కలుపు.

ఆ చూపు మార్చింది కాగితం. 1875లోనే థామస్ రౌట్లెడ్జ్ అనే ఇంగ్లీషు కాగితం తయారీదారు వెదురుతో మంచి కాగితం చెయ్యొచ్చని రాశాడు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో విలియం రైట్ వెదురు గుజ్జు తీసే పద్ధతి మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. 1925లో వెదురు కాగితం పరిశ్రమకి రక్షణ ఇస్తూ ఏకంగా ఒక చట్టమే చేశారు. దాంతో నిన్నటి కలుపు మొక్క మిల్లుల ముడిసరుకయ్యింది.

రెండేళ్ళకి, 1927లో, భారత అటవీ చట్టం వచ్చింది. అందులో చెట్టు అంటే ఏమిటో చెప్పే చోట తాటి జాతి చెట్లు, వెదురు, మోడులు, పొదలు, పేము అన్నీ చేర్చేశారు. గడ్డి జాతి మొక్క కాగితం మీద చెట్టయ్యింది. చెట్టు కొడితే కలప, కలప కదిలిస్తే పర్మిట్. ఈ ఒక్క మాట 90 ఏళ్ళు నడిచింది. అడవిలో గడ కొడితే కేసు సరే, కొన్నిచోట్ల సొంత పెరట్లో పెంచుకున్న వెదురు బండి మీద వేసుకుని సంతకి పోవాలన్నా కాగితం అడిగారు. ఆ కాగితం తయారయ్యేది వెదురుతోనే అన్నది వేరే సంగతి!

మన దగ్గర నిజాం రాజ్యంలో 1938లో సిర్పూరు పేపర్ మిల్లు పెట్టారు. ఉర్దూలో కాగజ్ అంటే కాగితం, ఆ మిల్లు వల్లనే ఊరికి కాగజ్‌నగర్ అని పేరొచ్చింది. గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో ఒక మిల్లు, తర్వాత 1979లో భద్రాచలం దగ్గర సారపాకలో ఇంకోటి. శబరి, గోదావరి మీద వెదురు తెప్పలు కట్టి దిగువకి తెచ్చిన కాలం రాజమహేంద్రవరం పెద్దవాళ్ళకి ఇంకా గుర్తుంటుంది. ఈ మిల్లులు వేలమందికి పని ఇచ్చాయి, ఆ మాట కాదనలేం. కానీ ఒకే గడకి ఇద్దరు గిరాకీదారులు ఏర్పడ్డారు. ఒకరు సర్కారుతో పాతికేళ్ళకీ ముప్ఫయ్యేళ్ళకీ ఒప్పందం రాసుకోగల మిల్లు. ఇంకొకరు డిపో ముందు పర్మిట్ కోసం నిలబడ్డ మేదరి అక్క.

దాండేలిలో తేలిన నిజం

ఈ తేడా అడవికి ఏం చేసిందో బాగా లెక్క తేలిన చోటు కర్ణాటక. ఉత్తర కన్నడ జిల్లా దాండేలిలో 1958లో కాగితం మిల్లు మొదలైంది. సర్కారు దానికి అడవి వెదురు టన్ను రూపాయిన్నరకి ఇచ్చింది. పొరపాటు పడకండి, కిలోకి కాదు, టన్నుకి. అదే వెదురు బజారులో బుట్టలల్లేవాళ్ళు కొనాలంటే దానికి వందల రెట్లు పెట్టాలి. కొన్నేళ్ళకి దుబ్బులు తరిగిపోయాయి. బుట్టలల్లేవాళ్ళు గొడవ చేశారు. తప్పు మీదే, మీరూ మీ పశువులే అడవిని పాడుచేశారని తిరిగి వాళ్ళ మీదే మోపారు. చివరికి 1970ల మధ్యలో, సంగతేమిటో చూడమని కర్ణాటక ప్రభుత్వం బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేసే మాధవ్ గాడ్గిల్‌కి అప్పగించింది.

ఆయన, ఆయన తోటివాళ్ళు అడవిలో దుబ్బు దుబ్బూ లెక్క పెట్టారు. మొదట తేలింది, మిల్లుకి ఏటా ఇంత వెదురు వస్తుందని వేసిన అంచనానే చాలా ఎక్కువని. రెండోది ఇంకా గమ్మత్తైనది. ముళ్ళ వెదురు దుబ్బు మొదట్లో ముళ్ళ కొమ్మలు కంచెలా అల్లుకుని ఉంటాయి. వాటివల్ల దుబ్బు ఇరుకై పెరగడం లేదని అధికారులు అనుకున్నారు, కోత కోసేవాళ్ళకీ అడ్డం, కాబట్టి ఆ ముళ్ళు నరికించి శుభ్రం చేయించారు. పనికి మంచిదే అనుకున్నారు. ఊళ్ళవాళ్ళు మాత్రం గాడ్గిల్‌కి వేరే చెప్పారు. ఆ ముళ్ళే లేత పిలకలకి కాపలా. ముళ్ళు తీసేస్తే పశువులు, ముళ్ళపందులు, కొండముచ్చులు పిలకని లేచింది లేచినట్టే తినేస్తాయి. లెక్కలు కట్టి చూస్తే ఊళ్ళవాళ్ళ మాటే నిజమైంది. శుభ్రం చేసిన దుబ్బుల్లో కొత్త పిలకలు బతకడం లేదు.

దగ్గర్లో వెదురు అయిపోయాక మిల్లు దూరపు అడవులకి, ఆ తర్వాత దూర రాష్ట్రాలకి పోయింది. మిల్లుకి లారీలున్నాయి. బుట్టలల్లే కుటుంబానికి కాళ్ళు తప్ప ఏమీ లేవు. మా ఉద్దేశంలో వెదురు చరిత్రలో అందరం గుర్తుపెట్టుకోవలసిన ఘట్టం ఇదే. అడవిని కోసినవాళ్ళందరూ చెడ్డవాళ్ళని కాదు. కానీ రూపాయిన్నరకి వచ్చేదాన్ని ఎవరూ జాగ్రత్తగా కొయ్యరు. వచ్చే ఏడాది ఇదే దుబ్బు దగ్గరికి మళ్ళీ రావాలి, ఇక్కడ తప్ప ఇంకెక్కడా దొరకదు అనుకున్నవాళ్ళే లోపలికి వంగి ముదురు గడ కొడతారు. మన దగ్గర మిల్లులు కూడా క్రమంగా రైతుల పొలాల్లోని సుబాబుల్, జామాయిల్ వైపు తిరిగాయి.

గోదావరి అవతల ఒక ఊరు

1988 జాతీయ అటవీ విధానంతో సర్కారు ఆలోచన కొంత మారింది. మన రాష్ట్రంలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు వచ్చాయి. మనలో చాలామంది అత్తలు, అమ్మలు వాటిల్లో సభ్యులుగా పనిచేశారు, దుబ్బులు బాగుచేసే కూలికి వెళ్ళారు. సమితుల వల్ల చాలాచోట్ల అడవి మళ్ళీ చిగిర్చింది. అయితే అవి సర్కారు ఉత్తర్వుల మీద నడిచిన సమితులు. పథకం డబ్బు ఆగినచోట సమావేశాలూ ఆగిపోయాయి. మన సంఘాలు అలా ఆగకపోవడానికి కారణం మన పొదుపు మన దగ్గరే ఉండటం.

హక్కు అన్న మాట చట్టంలోకి వచ్చింది 2006 అటవీ హక్కుల చట్టంతో. చిన్న తరహా అటవీ ఫలసాయం అంటే ఏమిటో చెప్పే చోట వెదురు పేరు స్పష్టంగా రాశారు. తునికాకు, తేనె, లక్క లాగే వెదురు కూడా అడవి మీద బతికే ఊరి హక్కు. కానీ 1927 చట్టం అలాగే ఉంది. ఒక చట్టంలో ఫలసాయం, ఇంకో చట్టంలో చెట్టు. ఈ చిక్కుముడి విప్పిన ఊరు మనకి దూరమేమీ కాదు. గోదావరి, ప్రాణహిత దాటితే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా, అందులో మేండా లేఖా అనే చిన్న గోండు ఊరు.

ఆ ఊరిది ముందునుంచీ ఒక పద్ధతి. ఓట్లేసి ఎక్కువమంది మాట నెగ్గించడం ఉండదు. అందరూ ఒప్పుకునేదాకా కూర్చుని మాట్లాడతారు. ఏ విషయమైనా ముందు చదువుకునే బృందం ఒకటి ఉంటుంది, చట్టం కాగితాలు తెప్పించుకుని అర్థం చేసుకుంటుంది. "ఢిల్లీలో, ముంబైలో మా సర్కారు, మా ఊళ్ళో మేమే సర్కారు" అన్నది వాళ్ళ నినాదం. 2009లో ఆ ఊరి గ్రామసభకి దాదాపు 1800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పత్రం వచ్చింది. పత్రం వచ్చింది గానీ, కొట్టిన వెదురు ఊరు దాటించడానికి పర్మిట్ రాలేదు. కొట్టుకోండి, వాడుకోండి, అమ్మకం మాత్రం కుదరదు అన్నట్టు నడిచింది. గ్రామసభ వదల్లేదు. 2011 మార్చిలో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్, అప్పట్లో ఆయన మన ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభ సభ్యుడు, వెదురుని ఫలసాయంగానే చూడాలని ముఖ్యమంత్రులందరికీ ఉత్తరం రాశారు. 2011 ఏప్రిల్ 27న ఆయన ఆ ఊరికే వెళ్ళి రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికి ఇచ్చారు.

పర్మిట్ పుస్తకం అంటే మీకు తెలుసు. ఇన్నాళ్ళూ అది ఎవరి చేతిలో ఉందో వాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఆ పుస్తకం ఊరి చేతికి వచ్చాక ఊరు ఏం చేసిందన్నది అంతకంటే ముఖ్యం. దొరికిందని అంతా నరికి అమ్ముకోలేదు. ఏ కంపార్టుమెంటులో ఏ ఏడాది కోత, ఎన్ని గడలు, ఎవరు కోశారు, కూలి ఎంత, ఎంతకి అమ్మారు అన్నీ గ్రామసభే రాసుకుంది.

2017 మార్పు, దాని హద్దు

2017 నవంబరులో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, ఆ తర్వాత పార్లమెంటులో చట్టం చేసి, 1927 చట్టంలోని చెట్టు అనే మాట నుంచి వెదురుని తీసేసింది. 90 ఏళ్ళ తర్వాత వెదురు మళ్ళీ గడ్డి అయ్యింది. అయితే జాగ్రత్తగా వినండి. ఈ సడలింపు అడవి కాని భూమిలో పెంచిన వెదురుకి సంబంధించింది. అడవిలో ఉన్న వెదురుకి పాత నియమాలు, లేదంటే అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ హక్కు, ఇవే దారులు. పైగా మన రెండు రాష్ట్రాల్లో 1967 నాటి సొంత అటవీ చట్టం నడుస్తోంది. కాబట్టి ఎవరో చెప్పారని కాకుండా, మొక్క పెట్టకముందే అటవీ రేంజి కార్యాలయంలో రవాణా నియమం ఏమిటో అడిగి, జవాబు కాగితం మీద తీసుకుని, ఆ కాగితం గ్రామ సంఘం ఫైలులో పెట్టుకోవాలి. ఏ సర్వే నంబరులో ఎన్ని దుబ్బులు పెట్టామో కూడా మొదటి రోజే రాసుకోవాలి. అయిదేళ్ళ తర్వాత బండి ఆపినప్పుడు, ఇది మా గట్టు మీది వెదురే అని చెప్పడానికి ఆ రాతే సాక్ష్యం.

వెదురు పూసిన ఏడు

ఎండలు పెరిగాయి, వానలు ఒక్కసారే కుండపోతగా పడుతున్నాయి, ఇలాంటి కాలానికి వెదురు మంచిదని చెప్పేమాటలో నిజం ఉంది. గుబురు వేళ్ళు పై మట్టిని పట్టి ఉంచుతాయి, రాలిన ఆకు నేలని కప్పుతుంది. ముదురు గడ కొట్టినా దుబ్బు బతికే ఉంటుంది కాబట్టి, ఒక పంట పోయిన ఏడాది కూడా గడ చేతికొస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువుని తీసుకుని గడలో దాచుకుంటుంది. ఆ గడ నాలుగు రోజుల్లో పుచ్చి పొడైతే ఆ లాభం పోతుంది, ఇంటి కప్పులో ముప్ఫయ్యేళ్ళు ఉంటే నిలుస్తుంది. కానీ వెదురుకి ఒక గండం ఉంది. దాన్ని మొక్కలిచ్చేవాళ్ళు సాధారణంగా చెప్పరు.

వెదురు పూస్తే కరువు అని పెద్దలు అంటారు. మనం సంతల్లో కొనే వెదురు బియ్యం ఆ పూత తర్వాత వచ్చే గింజే. జాతిని బట్టి పాతికేళ్ళకో, నలభై యాభై ఏళ్ళకో ఒకసారి పూస్తుంది. పూసి గింజ రాల్చాక దుబ్బు చచ్చిపోతుంది. ఒకే విత్తనం నుంచి వచ్చినవి ఎక్కడున్నా ఇంచుమించు ఒకేసారి పూస్తాయి, ఒకేసారి చస్తాయి. మిజో కొండల్లో ఒక జాతి వెదురు 48 ఏళ్ళకోసారి పూస్తుంది. 1959లో పూసినప్పుడు గింజలు తిని ఎలుకలు లెక్కలేకుండా పెరిగాయి, గింజ అయిపోయాక పొలాల మీద పడ్డాయి. కరువొచ్చింది. సర్కారు పట్టించుకోలేదన్న కోపంతో కరువు సాయానికి పుట్టిన సంఘమే తర్వాత మిజో నేషనల్ ఫ్రంట్ అయ్యింది, 1966లో తిరుగుబాటు దాకా పోయింది. ఒక పూత దేశ చరిత్రలో అంత దూరం వెళ్ళింది. లెక్క తప్పకుండా 2007 ప్రాంతంలో అదే వెదురు మళ్ళీ పూసింది.

మనకి దీంతో పనేమిటంటే, దుంప తెచ్చి నాటినా, కణుపు ముక్కతో పెంచినా, ల్యాబులో పెంచిన మొక్క తెచ్చినా, దానికి తల్లి దుబ్బు వయసే వస్తుంది. ముప్ఫై ఐదేళ్ళ తల్లి నుంచి తీసిన మొక్క మన గట్టు మీద పదేళ్ళకే పూసి చావొచ్చు. బ్యాంకు అప్పు తీరకముందే దుబ్బు పోతే ఏం చేస్తాం? అందుకని మండల సమాఖ్య మొత్తానికి ఒకే నర్సరీ నుంచి ఒకే రకం మొక్కలు దింపడం మంచిది కాదని మా అభిప్రాయం. చౌకగా వస్తాయని చెప్పినా సరే. రెండు మూడు రకాలు, వేర్వేరు చోట్ల నుంచి తెచ్చుకోవాలి, ఏ గట్టున ఏది పెట్టామో రాసుకోవాలి. దుబ్బు పక్కన నాలుగైదు గజాలు నీడకి పంట తగ్గుతుంది, మొదటి నాలుగైదేళ్ళు రాబడి ఉండదు, కోతకి గురవుతున్న నిలువు ఒడ్డుని వెదురు ఒక్కటే ఆపలేదు. ఇవీ చెప్పుకోవాలి.

కొలతలు, ప్రమాణాలు

ఇప్పుడు పెద్ద కొనుగోలుదారులు ప్రమాణాలు అడుగుతున్నారు. వినగానే భయం వేస్తుంది గానీ లోపల చూస్తే తెలిసినవే. గుండ్రటి వెదురు బలాన్ని ఎలా పరీక్షించాలో భారత ప్రమాణం ఐ.ఎస్. 6874 చెప్తుంది. కట్టడాలకి వాడే వెదురుని పుచ్చకుండా ఎలా శుద్ధి చెయ్యాలో ఐ.ఎస్. 9096లో ఉంది. వెదురుతో ఇల్లు కట్టే లెక్కలు ఐ.ఎస్. 15912లో ఉన్నాయి. 2018లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ గడలని తరగతులుగా వేరుచేసే పద్ధతి కూడా రాసింది. అవి అడిగేదేమిటి? గడ ముదిరిందా, తడి ఆరిందా, పగుళ్ళు పుచ్చు ఉన్నాయా, ఎంత వంకర, మొదలు చివర లావు ఎంత. మేదరి అక్క గడని గోటితో కొట్టి, శబ్దం విని, ఎత్తి చూసి చెప్పే సంగతులే. తేడా ఏమిటంటే ఆమె మాట ఆమె నోట్లోనే ఉంది, వాళ్ళది కాగితం మీద ఉంది. కాగితం మీద ఉన్నదానికే ధర కడుతున్నారు.

శుద్ధి విషయంలో కూడా అంతే. కోసిన గడల్ని వాగు నీళ్ళల్లో కొన్ని వారాలు నానబెట్టే అలవాటు పాతది. అందులోని తీపి పదార్థం కరిగిపోయి పురుగుకి తిండి ఉండదు. ఇప్పుడు బోరిక్ ఆమ్లం, బోరాక్స్ కలిపిన నీళ్ళల్లో నానబెడుతున్నారు. బుట్టలకీ, పోటు గడలకీ, టమాటా పందిళ్ళకీ ఇవేవీ అక్కర్లేదు, స్థానికంగా మనకి అలవాటైన బేరమే చాలు. అగరబత్తి పుల్లల బేరం వేరు. చైనా, వియత్నాం నుంచి వచ్చే పుల్లల మీద 2020లో దిగుమతి సుంకం 25 శాతానికి పెంచాక మన దేశంలో యూనిట్లు పెరిగాయి. కానీ పుల్లకి కావలసిన కణుపు పొడవు అన్ని జాతుల్లో ఉండదు. యంత్రం కొనేముందు మన దుబ్బులోని గడ తీసుకెళ్ళి చీల్పించి చూడండి.

గడ వయసు ఎలా తెలుస్తుందని అడిగారు కొందరు సభ్యులు. అనుభవం ఉన్నవాళ్ళు తొడుగు ఆకులు, రంగు, గడ మీది బూజు మచ్చలు చూసి చెప్తారు. బయటివాళ్ళని నమ్మించాలంటే గుర్తు వెయ్యాలి. వానలు వెళ్ళాక, దీపావళి వెళ్ళిన వారంలో, ఆ ఏడాది లేచిన పిలకలన్నిటికీ రొమ్ము ఎత్తున ఒక రంగు చుక్క. ఈ ఏడు ఎరుపు, వచ్చే ఏడు తెలుపు, ఆపై పసుపు, ఆపై నీలం. నీలం వేసే ఏడాదికి ఎరుపు చుక్క గడలు ముదిరి కోతకి వస్తాయి. వాటిలో కూడా అన్నీ కొట్టరు. దుబ్బు పుస్తకంలో ఒక్కో దుబ్బుకి ఒక్కో పేజీ. రకం, ఎక్కడి మొక్క, నాటిన తేదీ, ఏటా లేచిన పిలకలు, చచ్చినవి, కోసినవి, అమ్మిన ధర. మనకి పుస్తకాలు రాయడం కొత్త కాదు. పొదుపు పుస్తకం, అప్పు పుస్తకం, మినిట్స్ పుస్తకం ఇన్నేళ్ళుగా రాస్తున్నాం, ఆడిట్ చేయించుకుంటున్నాం. బుక్ కీపర్‌కి ఇంకో పుస్తకం బరువే, దానికి గౌరవ వేతనం ఎంతన్నది ముందే తీర్మానించుకోవాలి.

మేదరి కుటుంబాలున్న ఊళ్ళల్లో దుబ్బు పుస్తకం రాసే రోజున వాళ్ళ పెద్దవాళ్ళని పిలవండి, ఏ గడ దేనికి పనికొస్తుందో వాళ్ళ చేత చెప్పించి రాయించండి, ఆ రోజు కూలి కూడా ఇవ్వండి. వాళ్ళకి కావలసిన గడలు ఎన్ని, ఏ ధరకి అన్నది బయటి బేరం కంటే ముందు తేల్చండి. అడవి పక్క ఊళ్ళల్లో సామూహిక హక్కు దరఖాస్తు ఇంకా పెట్టకపోతే, గ్రామసభ తేదీ అడిగి, సంఘాల సభ్యులందరూ ఆ రోజు పని మానుకుని అయినా హాజరు కావాలి. దరఖాస్తులో వెదురు పేరు విడిగా రాయించండి. గట్ల మీద నాటదలచిన సంఘాలు రవాణా నియమం మీద తీసుకున్న జవాబు నకలు ఒకటి సమాఖ్య కార్యాలయానికి పంపితే, వచ్చే వానాకాలానికి ముందే అన్ని మండలాలవీ ఒక్కచోట చేర్చి తిరిగి అందరికీ పంచుతాం.